ఒర కుట్టడం నేర్చుకున్నాం: తోలు పని చరిత్ర, మా సంఘం అనుభవం

ఈసారి వార్షిక నివేదికకు పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలతో పాటు ఒక వ్యాసం కూడా రాయమని సమాఖ్య మీటింగులో చెప్పారు. "మీరు ఈ ఏడు కొత్త పని నేర్చుకున్నరు గదా, దాని గురించే రాయండి" అన్నారు. సరే అని కూర్చున్నాం. రాయబోతే, ఆ పని వెనక ఉన్న చరిత్ర రాయకుండా పని గురించి రాయలేమని తెలిసింది. అందుకే రెండూ కలిపి రాస్తున్నాం. తప్పులుంటే మన్నించండి.

బాలాపూర్ అంటే బయటివాళ్ళకు గణేశుడి లడ్డూ గుర్తుకొస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం పాట ఇప్పుడు లక్షల్లోకి పోయింది. నిమజ్జనం రోజు మా ఊరి నిండా పోలీసు బందోబస్తు ఉంటుంది. పక్కనే కంచన్‌బాగ్‌లో 1970లో బీడీఎల్, 1973లో మిధాని వచ్చాయి. ఆ తర్వాత ఇమారత్ దగ్గర క్షిపణుల పరిశోధన కేంద్రం వచ్చింది. గేట్ల దగ్గర తుపాకీలతో నిలబడే జవాన్లు మా పిల్లలకు కూడా కొత్త కాదు. ఆఫీసర్ల నడుముకు బెల్టు, బెల్టుకు తోలు సంచి, అందులో పిస్తోలు. ఇవన్నీ రోజూ చూస్తూనే ఉన్నాం. కానీ ఆ తోలు సంచి ఎవరు కుడతారో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

దాన్ని అందరూ హోల్‌స్టర్ అంటారు. కత్తి పెట్టుకునేదాన్ని మనం ఒర అంటాం గదా, పిస్తోలు పెట్టుకునేది కూడా ఒరే. ఈ వ్యాసంలో మేము ఒర అనే రాస్తాం.

పని ఎట్ల వచ్చింది

మా సంఘంలో పది మందిమి. ఎక్కువ మందికి మిషన్ కుట్టు వచ్చు. యూనిఫాం సామాను అమ్మే ఒక దుకాణానికి గుడ్డ సంచులు, భుజం పట్టీలు కుట్టి ఇస్తున్నాం. ఒకరోజు ఆ సేటు అడిగాడు. "ఇప్పుడు నైలాన్ ఒరలు, ప్లాస్టిక్ ఒరలు వచ్చినయ్. అయినా లైసెన్సు ఉన్నోళ్ళు కొందరు, సెక్యూరిటీ వాళ్ళు కొందరు తోలువే కావాలంటరు. కుట్టేవాళ్ళు తగ్గిపోయిండ్రు. మీరు నేర్చుకుంటరా?" మీటింగులో మాట్లాడుకుని చెప్తామన్నాం.

మీటింగులో మూడు రకాల మాటలు వచ్చాయి. తుపాకీతో ఆడోళ్ళకేం పని అని ఒకరు. వచ్చిన పని ఎందుకు పోగొట్టుకోవాలని ఇంకొకరు. మూడో మాట, తోలు మేము ముట్టం, పూజ చేసుకునే చేతులు అని. ఆ మాట అన్నప్పుడు మా సంఘంలోని ఇద్దరు మాదిగ అక్కలు అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనలేదు. పదేళ్ళ నుంచి ఒకే చాప మీద కూర్చుని పొదుపు కట్టుకుంటున్నాం. ఒకరికి ఇబ్బందైతే ఇంకొకరం కంతు కట్టాం. అయినా ఆ రోజు ఎవరం నోరు తెరవలేదు. ఈ సంగతి నివేదికలో రాయాలా వద్దా అని చర్చించుకున్నాం. రాయాలనే అందరం సంతకం పెట్టాం.

మెజారిటీతో పని ఒప్పుకున్నాం. ఒక అక్క పనిలోకి రానని చెప్పింది, సంఘంలో మాత్రం ఉన్నది. ఇక నేర్పేవాళ్ళు కావాలి. కుట్టు నేర్పడానికి పాతబస్తీలో బెల్టులు, సంచులు కుట్టే ఒక ఉస్తాద్ ఒప్పుకున్నారు. తోలు సంగతి చెప్పడానికి మా మాదిగ అక్క ఒకామె తన అత్తమ్మను అడిగింది. ఆమెను మేమందరం అవ్వ అంటాం. అవ్వ మొదట కోపం చేసింది. "ఈ పని నుంచి తప్పించనీకే నా పిల్లలను సదివించిన. మళ్ళ ఆ వాసన ఇంట్లకు తెస్తరా?" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. తర్వాత కొన్ని రోజులకు ఆమే వచ్చి మా దగ్గర కూర్చున్నది. అప్పుడు చెప్పిన సంగతులు, ఇంకా మేము అడిగి, చదివి తెలుసుకున్న సంగతులు ఇవి.

తంగేడు పువ్వు, తంగేడు చెక్క

బతుకమ్మలో తంగేడు పువ్వు లేకుంటే మనకు పండుగ కాదు. ఇప్పుడు అది మన రాష్ట్ర పువ్వు. కానీ అదే తంగేడు చెట్టు బెరడుతోనే తరతరాలుగా మన ఊర్లల్లో తోలు ఊనిందని మాలో చాలామందికి తెలియదు. ఊనడం అంటే పచ్చి తోలును కుళ్ళిపోకుండా పక్వానికి తేవడం. చచ్చిన గొడ్డు తోలును మొదట సున్నం నీళ్ళల్లో నానబెడితే వెంట్రుకలు ఊడతాయి. లోపల మిగిలిన మాంసం గీకేస్తారు. తర్వాత తంగేడు చెక్క దంచి నీళ్ళల్లో వేసి, ఆ నీళ్ళల్లో తోలును వారాల తరబడి ఉంచుతారు. కొన్ని చోట్ల కరక్కాయ కూడా కలుపుతారు. చెక్కలో ఉండే వగరు తోలులోకి దిగితే అది ఎర్రగా, గట్టిగా అవుతుంది. ఆ తొట్లను లందలు అంటారు. లందలు ఊరి బయట ఉండేవి. ఆ పని చేసేవాళ్ళనూ ఊరి బయటనే ఉంచారు.

కానీ ఊరి లోపలి పని ఏదీ ఆ తోలు లేకుండా నడవలేదు. బాయిలో నుంచి నీళ్ళు తోడే మోటకు తోలు బాన కావాలి. ఎడ్లకు పట్టెడలు, వార్లు కావాలి. చెర్నకోల కావాలి. రైతు కాళ్ళకు చెప్పులు కావాలి. పెళ్ళికీ, చావుకూ, దేవుడికీ డప్పు కావాలి. నిజాం కాలంలో తెలంగాణ ఊర్లల్లో దొరలకు, పటేళ్ళకు వీటిని వెట్టి కింద ఉత్తగనే చేసి ఇయ్యాలి. మిగతా రైతులు పంట వచ్చినప్పుడు కల్లం దగ్గర ఇంత గింజలు ఇచ్చేవారు. "మా మామ కుట్టిన బానతోని పారిన నీళ్ళకు వరి పండేది. ఆ బాయిల నీళ్ళు మాత్రం మాకు ముట్టనియ్యకపోతుండె" అన్నది అవ్వ. ఆమె పెద్దగా బాధపడుతూ చెప్పలేదు. మామూలుగానే చెప్పింది. విన్న మాకే ఎటు చూడాల్నో తెలియలేదు.

కరెంటు మోటార్లు వచ్చినంక మోటలు పోయాయి. రబ్బరు చెప్పులు, ఫ్యాక్టరీ బూట్లు వచ్చినంక చెప్పుల పనీ తగ్గింది. ఆరె, రంపె, గూటం అటక ఎక్కాయి. ఆరె అంటే తోలుకు తూటు పొడిచే సూది లాంటి పనిముట్టు, రంపె అంటే తోలు కోసే, అంచు పలుచన చేసే కత్తి.

గుర్రం మీది నుంచి నడుము మీదికి

ఇక పిస్తోలు ఒర సంగతి. యూరప్‌లో మొదట్లో పిస్తోళ్ళు బరువుగా, పొడవుగా ఉండేవి. నడుముకు పెట్టుకునే వీలు తక్కువ. గుర్రం మీద పోయే సైనికులు జీనుకు ముందర అటొకటి ఇటొకటి తోలు గొట్టాలు కట్టి అందులో పెట్టుకునేవారు. అందుకే ఒరలు కుట్టే పని మొదట జీన్లు కుట్టేవాళ్ళ చేతిలో ఉండేది. మన దగ్గర కూడా జీన్లు కుట్టేవాళ్ళను జీనిగరులు అనేవారు.

1836లో అమెరికాలో శామ్యూల్ కోల్ట్ అనే ఆయన రివాల్వర్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఒకసారి మందుగుండు నింపితే వరుసగా కాల్చే చిన్న తుపాకీ అన్నమాట. అది జనంలోకి వచ్చినంక ఒర జీను మీది నుంచి మనిషి నడుము మీదికి దిగింది. అక్కడ అంతర్యుద్ధం నడిచిన 1861–65లో సైనికుల ఒరలకు పైన పెద్ద మూత ఉండేది. వానకు, దుమ్ముకు తుపాకీ పాడుకాకుండా అది కాపాడేది.

మన దేశంలో పుట్టిన కథ ఒకటి ఉంది. శామ్యూల్ బ్రౌన్ అనే బ్రిటిష్ ఆఫీసరుకు 1858లో ఉత్తర భారతంలో సిపాయిల తిరుగుబాటును అణిచే పోరాటంలో ఎడమ చెయ్యి తెగింది. కత్తి దూయాలంటే ఎడమ చేత్తో ఒరను పట్టుకోవాలి, కుడి చేత్తో గుంజాలి. ఒక్క చేత్తో అది కాదు. అందుకని ఒర కదలకుండా నడుముకు గట్టి బెల్టు, ఆ బరువు మోయడానికి కుడి భుజం మీది నుంచి ఏటవాలుగా ఒక పట్టీ పెట్టుకున్నాడు. పిస్తోలు ఒర కూడా ఆ బెల్టుకే. తర్వాత మిగతా ఆఫీసర్లూ అట్లనే వేసుకున్నారు. ఇప్పటికీ పరేడ్‌లో మన పోలీసు ఆఫీసర్ల ఛాతీ మీద కనిపించే ఏటవాలు పట్టీ అదే. దాన్ని శామ్ బ్రౌన్ బెల్టు అనే పిలుస్తారు. పెట్టుకున్న ఆఫీసరు పేరు నూట అరవై ఏళ్ళకు పైగా నిలిచింది. కుట్టిన చేతుల పేరు ఎక్కడా లేదు.

తంగేడు తోలు సముద్రం దాటింది

మన తంగేడు చెక్క ఊరి లందలతోనే ఆగలేదు. మద్రాసు రాష్ట్రంలో ఈ చెక్కతో ఊనిన తోళ్ళు మద్రాసు రేవు నుంచి లండన్ బజారుకు పోయేవి. తంగేడును తమిళంలో ఆవారం అంటారు. అక్కడ ఆ తోళ్ళకు ఈస్ట్ ఇండియా తోళ్ళని పేరు. 1914–18 మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం బూట్ల కోసం ఆ తోళ్ళు ఎంత అవసరమయ్యాయంటే, ఎగుమతిని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. మనూర్ల గొడ్డు తోలు, మన గుట్టల మీది చెట్టు బెరడు, ఎక్కడో యూరప్ బురదలో సైనికుడి కాలికి.

అంతకు కొన్నేళ్ళ ముందే, 1900ల మొదట్లో, మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి క్రోమ్ పద్ధతిని మన దేశంలో నిలబెట్టే ప్రయత్నం చేశాడు. బెరడుకు బదులు క్రోమియం ఉప్పుతో తోలు ఊనడం అది. వారాల పని రోజుల్లో అయిపోతుంది. తోలు మెత్తగా ఉంటుంది, నీళ్ళకు ఆగుతుంది. బాయిల దగ్గర వాడే తోలు బానలకు ఇది బాగుంటుందని ఆయన చూశాడు. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ తోలు క్రోమ్‌దే. మన బూట్లు, హ్యాండ్‌బ్యాగులు చాలావరకు అదే.

స్వాతంత్ర్యం వచ్చినంక 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వచ్చింది. 1958లో దానికి డైరెక్టర్ అయినవారు మన తెలుగువారే, యలవర్తి నాయుడమ్మ గారు. గుంటూరు జిల్లా తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టారు. రైతు కుటుంబం. ఆ రోజుల్లో తోలు చదువు చదువుతానంటే నలుగురూ ముక్కు మూసుకునే కాలం. ఆయన అదే చదివి, పెద్ద శాస్త్రవేత్త అయ్యి, ఆ శాస్త్రం చిన్న చిన్న తోలు పనివాళ్ళకు కూడా అందాలని పనిచేశారు. 1985 జూన్ 23న ఐర్లండ్ దగ్గర సముద్రంలో కూలిన కనిష్క విమానంలో చనిపోయారు. మా పిల్లలకు ఆయన పేరు చెప్పాలని అనుకున్నాం.

ఇప్పుడు హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలి వైపు ఎఫ్‌డీడీఐ అనే సంస్థలో చెప్పులు, తోలు వస్తువుల డిజైన్‌లో డిగ్రీ చదువు ఉంది. అవ్వకు ఈ సంగతి చెబితే చాలాసేపు నవ్వింది. "ఫీజు కట్టి నేర్చుకుంటుండ్రా?" అని రెండుసార్లు అడిగింది.

మా చేతులు నేర్చుకున్నది

మాకు అసలు తుపాకీ ఎవరూ ఇయ్యలేదు, మేము అడగనూ లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం నేరం. సేటు తెచ్చిన ప్లాస్టిక్ నమూనా చూసి వడ్రంగి చేత కర్రతో అదే కొలతల బొమ్మ చేయించుకున్నాం.

మొదట అట్ట మీద బొమ్మ పెట్టి చుట్టూ గీత గీయాలి. తుపాకీ మందం కూడా లెక్కలోకి తీసుకుని, కుట్టుకు జాగా వదిలి కోయాలి. జాకెట్టు కుట్టేవాళ్ళం గదా, గీత గీసి అర అంగుళం వదిలితే చాలనుకున్నాం. మొదటి ఒరలో బొమ్మ సగం కూడా దిగలేదు. గుడ్డ సాగుతుంది, మూడు మిల్లీమీటర్ల తోలు సాగదు.

ఉస్తాద్ నేర్పింది జీను కుట్టు. దారం ఒకటే, సూదులు రెండు, దారం రెండు కొసలకు ఒక్కొక్కటి. ప్రతి తూటులో ఇటు నుంచి ఒక సూది, అటు నుంచి ఒక సూది పోవాలి. అంగుళానికి ఆరేడు కుట్లు. కుట్టు పొడవుకు నాలుగింతలు దారం తీసుకోవాలి. దారానికి తేనె మైనం రాయాలి. మిషన్ కుట్టు ఒక్కచోట తెగితే పక్కవి కూడా ఊడిపోతాయి. ఇది ఒక్కచోట తెగినా మిగతాది పట్టుకునే ఉంటుంది. వారం రోజులు మా వేళ్ళకు గుడ్డ పేలికలే. "బేటీ, జోర్ నహీ, బరాబర్" అనేవారు ఆయన. బలం కాదు, రెండు చేతులూ సమానంగా గుంజాలని.

కుట్టిన తర్వాత గోరువెచ్చని నీళ్ళల్లో కొద్దిసేపు ముంచి, కర్ర బొమ్మకు ప్లాస్టిక్ కవరు చుట్టి లోపల పెట్టి, పైనుంచి వేళ్ళతో, నున్నటి ఎముక ముక్కతో ఒత్తాలి. తుపాకీ రూపం తోలు మీద తేలుతుంది. నీడలో ఆరబెట్టాలి. తర్వాత అంచులు రుద్ది, మైనం పట్టించాలి. ట్రిగ్గరు పూర్తిగా తోలు కింద ఉండాలి, పైన టిచ్ బటన్ పట్టీ బిగువుగా ఉండాలి. ఇవి అందం కోసం కాదు. ట్రిగ్గరుకు ఏదైనా తగిలి తుపాకీ పేలితే పెట్టుకున్నవాళ్ళ కాలే పోతుంది.

ఏడు ఒరలు తిరిగొచ్చాయి

మొదటి ఆర్డరు ఇరవై ఒరలు. ఏడు తిరిగొచ్చాయి. మూడింటిలో తుపాకీ ఇరుక్కుపోయి గుంజినా రావడం లేదు. నాలుగింటిలో మూతి మెత్తబడి తుపాకీ జారుతున్నది. ఆ నెల మా కంతు పొదుపులో నుంచే కట్టాం.

మూడింటి సంగతి మాకే తెలిసింది. తొందరపడి మే నెల ఎండలో మిద్దె మీద ఆరబెట్టాం. తోలు దగ్గరికి గుంజుకుపోయింది. మిగతా నాలుగు ఎందుకు చెడిపోయాయో ఉస్తాద్‌కు చూపెడదామనుకునేలోపే అవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, అంచు రంపెతో కొంచెం కోసింది. "లోపల చూడుండ్రి. నీలంగ ఉన్నది. ఇది మందు తోలు. పైన రంగు ఏసిండ్రు. తంగేడు తోలు లోపల గూడ ఎర్రగనే ఉంటది" అన్నది. చౌకగా వస్తున్నదని మేము తెచ్చిన తోలు క్రోమ్‌ది. క్రోమ్ తోలు నీళ్ళల్లో ముంచి ఒత్తినా రూపం నిలుపుకోదు. పైగా అందులో మిగిలిన ఉప్పుల వల్ల లోపల ఎక్కువ రోజులు పెట్టిన ఇనుముకు తుప్పు పట్టే ప్రమాదం ఉంది. బెరడుతో ఊనిన తోలు అయితే ఒత్తిన రూపం అట్లనే పట్టుకుంటుంది. అయినా ఏ ఒరలోనైనా తుపాకీని నెలల తరబడి దాచి పెట్టకూడదని ఉస్తాద్ చెప్పారు.

అవ్వ జీవితంలో పిస్తోలు ఒర కుట్టలేదు. కానీ తోలు ఆమెకు తెలుసు. అప్పటినుంచి తోలు కొనడానికి ఆమె లేకుండా పోవడం లేదు. మీటింగులో తోలు ముట్టనన్న అక్క కూడా ఆ రోజు అక్కడే ఉన్నది. కోసిన ముక్కను చేతిలోకి తీసుకుని చూసింది. ఇప్పుడు అంచులు రుద్దే పని ఆమెదే. ఎవరం ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు.

మా తీర్మానాలు

ఈ పని మీద సంఘం పుస్తకంలో మూడు తీర్మానాలు రాసుకున్నాం. ఒకటి, ఉస్తాద్‌కు నేర్పినందుకు రోజుకు ఎంత ఇచ్చామో అవ్వకూ అంతే ఇయ్యాలి. ఇంటి మనిషి గదా అని ఊరికే చేయించుకోవద్దు. ఉత్తగ చేయించుకునే అలవాటు పేరే వెట్టి. రెండు, పని దగ్గర ఒకటే నీళ్ళ కుండ, ఒకటే గ్లాసు. అంతకుముందు ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకునేవాళ్ళం. ఎందుకు తెచ్చుకుంటున్నామో మాకు తెలుసు. మూడు, అవ్వ మనవరాలు డిగ్రీ చదువుతున్నది, ఆమెను ఈ పనిలోకి రమ్మని ఎవరూ అడగొద్దు. వస్తానంటే ఆమె ఇష్టం. మాకు ఇది కొత్త పని, నచ్చకుంటే రేపు మానుకోవచ్చు. వాళ్ళకు ఆ వీలు ఎన్నడూ లేకుండె.

రెండో ఆర్డరులో ఒక్క ఒర మాత్రమే తిరిగొచ్చింది, అదీ టిచ్ బటన్ ఊడినందుకు. బెల్టులు, ఐడీ కార్డు కవర్లు కూడా మొదలుపెట్టాం. ఒరల గిరాకీ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు, దాని మీదనే ఆధారపడొద్దని లెక్క వేసుకున్నాం. వేరే సంఘాల అక్కలు నేర్చుకోవాలనుకుంటే కర్ర బొమ్మ, అట్ట కొలతలు మా దగ్గర ఉన్నాయి, తీసుకుపోవచ్చు. తోలు కొనేముందు మాత్రం ఒక మూల కోసి లోపల రంగు చూడండి. అవ్వకు రోజు కూలి ఇచ్చి తీసుకుపోతే ఇంకా మంచిది.

మా సంఘం సభ్యులం, బాలాపూర్